మన రక్తంతోనే పేగు అతుకు నిలుస్తుందా?

మలాశయ క్యాన్సర్ ఆపరేషన్‌లో గడ్డను తీయడం ఒక ఎత్తు, తీశాక పేగును తిరిగి కలపడం ఇంకో ఎత్తు. పైనుంచి దించిన పెద్దపేగు చివరను, మలద్వారానికి నాలుగైదు సెంటీమీటర్ల పైన మిగిలిన మొండి భాగంతో అతకాలి. కన్ను సరిగా ఆనని చోట, చెయ్యి పట్టని చోట, పైగా మలం పోయే దారిలో. ఆ అతుకు ఏ మూల కాస్త విడిపోయినా లోపలిదంతా కటి భాగంలోకి కారుతుంది. సర్జన్లు ఆ మాట పైకి అనడానికి కూడా ఇష్టపడరు. రౌండ్స్‌లో ‘లీక్ ఏమైనా...’ అని సగంలో ఆపేసి డ్రెయిన్ సంచి వైపు చూస్తారు.

ఈ లీకును ఆపడానికి రోగి సొంత రక్తం నుంచే తీసిన జిగురునో, ప్లేట్‌లెట్ల ముద్దనో అతుకు చుట్టూ పట్టించాలన్న ఆలోచన కొన్నేళ్లుగా నడుస్తోంది. ఇప్పుడు సదస్సుల్లో, కంపెనీల స్టాళ్లలో దాని జోరు పెరిగింది. నేను సర్జన్ని కాదు, మత్తు డాక్టర్ని. తెరకు ఇవతల, రోగి తల దగ్గర ఉంటాను. ఆ జిగురుకు కావాల్సిన రక్తం తీసిచ్చేది మావైపు వాళ్లమే, లీకై సెప్సిస్‌తో తిరిగొచ్చిన మనిషికి అర్ధరాత్రి మళ్లీ మత్తిచ్చేదీ మేమే. అందుకే ఈ విషయంలో నాకూ ఒక మాట ఉంది. ఆలోచన మంచిదే, గట్టిగా పరీక్షించదగ్గదే. కానీ ‘సొంత రక్తమే కదా, వాడితే పోయేదేముంది’ అన్న తర్కంతో దాన్ని మామూలు వాడకంలోకి దూర్చేయడం నాకు నచ్చడం లేదు.

ముందు లీకు సంగతి. మలాశయం కింది భాగంలో వేసిన అతుకుల్లో, ఎవరి లెక్కలు చూశారన్న దాన్నిబట్టి, నూటికి 5 నుంచి 20 దాకా లీకవుతాయి. పది అని గుర్తుపెట్టుకుంటే పెద్ద తేడా రాదు. 2010లో ఒక అంతర్జాతీయ సర్జన్ల బృందం దీన్ని మూడు తరగతులు చేసింది. చికిత్సలో ఏ మార్పూ అక్కర్లేనిది ఎ. యాంటీబయాటిక్స్, చీము తీసే గొట్టం లాంటివి కావాల్సినా మళ్లీ పొట్ట తెరవక్కర్లేనిది బి. తెరవక తప్పనిది సి. కాగితం మీద ఇది మూడు అక్షరాలే. సి అంటే కుటుంబం మొత్తం ఐసీయూ బయట కూర్చోవడం. ప్రాణాపాయం అప్పటికి తప్పినా కీమో వెనక్కి జరుగుతుంది, క్యాన్సర్ అదే చోట తిరగబెట్టే అవకాశం పెరుగుతుంది. పొట్ట మీద పేగుకు చేసిన రంధ్రానికి, అంటే స్టోమాకు, మలం కోసం తగిలించిన సంచి తాత్కాలికం అనుకున్నా కొందరికి జన్మంతా మిగిలిపోతుంది.

మలాశయానికే ఈ తిప్పలు ఎందుకంటే, అక్కడి నిర్మాణమే అలాంటిది. పేగు పైపొర అయిన సీరోసాను సీరోసాకు ఆనించి కుట్టాలని ఫ్రెంచ్ సర్జన్ లాంబేర్ 1826లోనే చెప్పాడు. అసలు బలం లోపలి సబ్‌మ్యూకోసా పొరలో ఉందని అమెరికన్ సర్జన్ హాల్‌స్టెడ్ 1887లో కుక్కల మీద ప్రయోగాలతో చూపించాడు. మలాశయం కింది భాగానికి ఆ సీరోసా పొరే లేదు. పైగా 1980ల నుంచి, ఇంగ్లండ్‌లోని బేసింగ్‌స్టోక్‌లో పనిచేసిన బిల్ హీల్డ్ చూపించిన దారిలో, మలాశయం చుట్టూ ఉన్న కొవ్వు, రక్తనాళాల పొరనంతా గడ్డతో పాటే ఒక్క ముక్కగా తీస్తున్నారు. దానివల్ల క్యాన్సర్ తిరిగి రావడం బాగా తగ్గింది. అదే సమయంలో కింద మిగిలిన మొండి భాగానికి రక్తం అందే దారులూ తగ్గాయి. పైనుంచి దించిన పేగు చివరకు కూడా అసలు ధమనిని మొదట్లోనే కట్టేశాక, పేగు అంచు వెంబడి పాకే సన్నటి నాళమే దిక్కు. ఇవన్నీ చాలనట్టు చాలామందికి ఆపరేషన్‌కి ముందే రేడియేషన్ ఇచ్చి ఉంటారు. గోరుచుట్టు మీద రోకటిపోటు.

రోగి మగవాడైతే కటి భాగం ఇరుకు, పని కష్టం. పొగతాగే అలవాటు, లావు, స్టెరాయిడ్లు, తిండి సరిగా లేక రక్తంలోని అల్బుమిన్ అనే ప్రోటీన్ పడిపోవడం, ఇవన్నీ లీకు ముప్పును పెంచేవే. అతుకు మలద్వారానికి ఎంత దగ్గరైతే ముప్పు అంత ఎక్కువ.

సర్జన్ అతుకును ఎలా సరిచూసుకుంటాడో ఒకసారి దగ్గర్నుంచి చెప్తాను, ఎందుకంటే మిగతా వాదన అంతా దీని మీదే ఆధారపడింది. గుండ్రటి స్టేప్లర్‌ను మలద్వారం నుంచి పైకి పంపి, పై పేగులో ముందే కట్టి ఉంచిన స్టేప్లర్ తలతో కలిపి బిగించి, నొక్కుతారు. చిన్న చిన్న టైటానియం పిన్నులు రెండు వరుసల్లో చుట్టూ దిగుతాయి, అదే క్షణంలో లోపలి బ్లేడు మధ్య భాగాన్ని కోస్తుంది. స్టేప్లర్ బయటికి తీయగానే దాని నోట్లోంచి రెండు ఉంగరాల్లాంటి పేగు ముక్కలు దొరుకుతాయి. సర్జన్ వాటిని వేలికి తగిలించి, చుట్టూ తిప్పి, ఎక్కడైనా తెగి ఉన్నాయేమో చూస్తాడు. రెండూ పూర్తి వలయాలుగా ఉంటే ఒక గండం గడిచినట్టు. తర్వాత కటి భాగం నిండా సెలైన్ పోసి, పైన పేగును సుతారంగా క్లాంప్ చేసి, కింద నుంచి గాలి పంపుతారు. థియేటర్‌లో ఆ కాసేపు మాటలు ఆగిపోతాయి. బుడగలు రాకపోతే అందరూ ఊపిరి వదులుతారు. ఎవరో ఒకరు పాటల వాల్యూమ్ మళ్లీ పెంచుతారు.

బుడగలు రాలేదంటే ఆ రోజుకి అతుకు గాలి చొరకుండా ఉందని మాత్రమే అర్థం. నాలుగో రోజున ఎలా ఉంటుందో అది చెప్పదు. సర్జన్ల అంచనా కూడా చెప్పదు. ఆపరేషన్ ముగియగానే ‘ఈ అతుకు లీకవుతుందా’ అని సర్జన్లనే అడిగి రాయించుకుని, తర్వాత జరిగినదాంతో పోల్చిన డచ్ పరిశోధన ఒకటి 2009లో వచ్చింది. వాళ్ల అంచనాకు పెద్దగా విలువ లేదని తేలింది. అనుభవం ఉన్నవాళ్లదీ అంతే. నాకు తెలిసిన మంచి సర్జన్లెవరూ ఆ ఫలితం విని ఆశ్చర్యపోలేదు.

అసలు ఆట మూడో రోజు నుంచి ఐదో రోజు మధ్య నడుస్తుంది. పేగు గోడకు బలం కొలాజెన్ అనే నారలాంటి ప్రోటీన్‌ది. గాయమయ్యాక మొదటి రోజుల్లో శరీరం పాత కొలాజెన్‌ను కరిగించేస్తుంది, కొత్తది ఇంకా పేరుకోదు. పాతది పోయి కొత్తది రాని ఆ సందులో అతుకును పట్టి ఉంచేది చాలావరకు పిన్నులు, కుట్లే. ఆ కుట్లు పట్టుకున్న కణజాలమే మెత్తబడితే కుట్టు ఎంత గట్టిదైనా ప్రయోజనం లేదు. దీనికి తోడు సూక్ష్మజీవులు. షికాగో విశ్వవిద్యాలయంలో జాన్ అల్వర్డీ బృందం 2015లో ఎలుకల్లో చూపించింది ఏమిటంటే, ఎంటెరోకోకస్ ఫీకాలిస్ అనే మామూలు పేగు బ్యాక్టీరియా తానే కొలాజెన్‌ను కరిగిస్తుంది, మన కణజాలంలోని ఎమ్ఎమ్‌పీ-9 అనే ఎంజైమ్‌నూ రెచ్చగొడుతుంది. ఈ అనుమానం కొత్తదేమీ కాదు. 1955లోనే ఐసిడోర్ కోన్ కుక్కల్లో రక్తప్రసారం దెబ్బతిన్న పేగు అతుకు లోపలికి యాంటీబయాటిక్ ఎక్కిస్తే అది నిలబడటం చూశాడు. తర్వాత అరవై ఏళ్లపాటు మనం ఆ విషయాన్ని దాదాపు మర్చిపోయాం.

ఇంతకీ లీకు ఒక జబ్బు కాదు, మూడు నాలుగు జబ్బులకు ఒకే పేరు. పిన్ను సరిగా దిగకపోవడం ఒకటి, రక్తం అందక అంచు చావడం ఒకటి, బ్యాక్టీరియా, ఎంజైమ్‌లు కలిసి కొలాజెన్‌ను తినేయడం ఇంకొకటి. ఒకే జిగురు అన్నిటికీ మందు అంటే నేను నమ్మను.

ఇప్పుడు రక్తం దగ్గరికి వద్దాం. ప్లేట్‌లెట్లు గడ్డ కట్టించడంతో ఊరుకోవు. వాటి లోపల ఆల్ఫా రేణువులు ఉంటాయి, వాటిలో పీడీజీఎఫ్, టీజీఎఫ్-బీటా, వీఈజీఎఫ్ లాంటి పెరుగుదల కారకాలు ఉంటాయి. గాయం దగ్గర ఇవి విడుదలై కణాలను పిలుస్తాయి, కొత్త రక్తనాళాలు మొలిపిస్తాయి, కొలాజెన్ అల్లే ఫైబ్రోబ్లాస్ట్‌లను లేపుతాయి. రక్తం గడ్డకట్టినప్పుడు దారాల్లా అల్లుకునే ప్రోటీన్ ఫైబ్రిన్, ఆ వల ఆ కణాలు పాకడానికి పందిరి. ఆ సరంజామానే చిక్కబరిచి అతుకు మీద పెడితే మూడో రోజు సందు త్వరగా పూడుతుంది కదా? ఊహ చక్కగా ఉంది. పైపైన కట్టిన కథ కాదు, దీని వెనక జీవశాస్త్రం ఉంది.

రకాలు రెండు మూడు ఉన్నాయి. రక్తాన్ని గడ్డకట్టనివ్వని సిట్రేట్‌లో తీసి, సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, ప్లేట్‌లెట్లు ఎక్కువగా ఉన్న ప్లాస్మాను వేరుచేసి, వాడే ముందు కాల్షియంతోనో, త్రాంబిన్ అనే గడ్డకట్టించే ఎంజైమ్‌తోనో గడ్డ కట్టిస్తే అది పీఆర్‌పీ. మోకాళ్లకు, జుట్టుకు వాడుతున్నారే, అదే. ఏ మందూ కలపకుండా గాజు గొట్టంలో తీసి వెంటనే తిప్పితే, రక్తం తనంతట తానే గడ్డకట్టి మధ్యలో పసుపు తెలుపు కలిసిన పొర ఒకటి ఏర్పడుతుంది. అది పీఆర్ఎఫ్, అంటే ప్లేట్‌లెట్లు నిండిన ఫైబ్రిన్. ఫ్రాన్స్‌లో జోసెఫ్ షుక్రూన్ 2001లో దంత వైద్యం కోసం మొదలుపెట్టాడు. మూడోది ఆపరేషన్ థియేటర్‌లోనే యంత్రంతో తయారయ్యే ఫైబ్రిన్. వివోస్టాట్ అనే పద్ధతిలో రోగి నుంచి 120 మిల్లీలీటర్ల రక్తం తీసుకుంటారు. అరగంట లోపే కొన్ని మిల్లీలీటర్ల చిక్కటి ద్రావణం వస్తుంది, పెన్నులాంటి స్ప్రేయర్‌తో చల్లుతారు.

చల్లేటప్పుడు చూస్తే ముచ్చటగానే ఉంటుంది. సన్నటి తుంపరగా పడి, తడిగా మెరిసి, క్షణాల్లో పలుచటి పొరలా పట్టుకుంటుంది. అయితే చూడాల్సింది స్ప్రే పడిన చోటు కాదు, పడని చోటు. ముందువైపు అంచు కళ్లకు కనిపిస్తుంది. వెన్నెముక అడుగున ఉండే త్రికాస్థికి ఆనుకుని వెనక ఉన్న అంచు కనిపించదు, అక్కడికి తుంపర ఎంత చేరిందో ఎవరికీ తెలియదు. లీకు మాత్రం మనకు కనిపించే వైపే రావాలన్న నియమం పెట్టుకోలేదు. ఈ ఇబ్బంది తెలిసినవాళ్లు స్టేప్లర్ బిగించకముందే రెండు అంచుల మీదా చల్లి, తర్వాత బిగిస్తున్నారు. అది తెలివైన పని. పై పూతగా కాకుండా అతుకు మధ్యలోనే ఫైబ్రిన్ ఉంటుంది.

సరే, ఆ పదార్థం ఎంతకాలం పనిచేస్తుంది? నా పెద్ద ప్రశ్న ఇదే. పీఆర్‌పీని త్రాంబిన్‌తో గడ్డ కట్టిస్తే ప్లేట్‌లెట్లలోని కారకాలు చాలావరకు మొదటి గంటల్లోనే బయటికి వచ్చేస్తాయి. వాటి ఆయుష్షు తక్కువ. అతుకు బలహీనపడేది మూడో రోజున. మొదటి గంటల్లో ఇచ్చిన పిలుపు అందుకుని మూడో రోజుకు సరిపడా కణాలు చేరవచ్చు, కాదనను. కానీ అది ఆశ. పీఆర్ఎఫ్ ఈ విషయంలో మెరుగు, అందులోంచి కారకాలు వారం, ఆపైన కూడా నెమ్మదిగా ఊరుతుంటాయి. అందుకే ‘సొంత రక్తం నుంచి తీసినవి’ అని అన్నిటినీ ఒకే గాటన కట్టేసి, ఒకదాని ఫలితాన్ని ఇంకోదానికి ఆపాదించే వ్యాసాలు చూస్తే నాకు చిరాకు. ఎంత రక్తం, ఎంత వేగం, ఎంతసేపు, తెల్లకణాలు ఉంచారా తీశారా, దేంతో గడ్డ కట్టించారు, ప్లేట్‌లెట్ల లెక్క ఎంత... ఇవి రాయని పరిశోధనను ఇంకొకరు తిరిగి చేయలేరు. తిరిగి చేయలేని చికిత్సను రోగికి ఎలా సిఫార్సు చేస్తాం?

ఫైబ్రిన్ కూడా శాశ్వతం కాదు. రక్తంలోని ప్లాస్మిన్ అనే ఎంజైమ్ దాన్ని కరిగిస్తుంది, కరిగించాలి కూడా. బ్యాక్టీరియా నిండిన చోట, వాపు ఉన్న కణజాలంలో అది ఎంతసేపు నిలుస్తుందన్నది ల్యాబ్ బల్ల మీద చూసి చెప్పే సంగతి కాదు.

ఇక ‘సొంతం’ అన్న భరోసా. పక్కవాళ్ల ప్లాస్మా వాడటం లేదు కాబట్టి రక్తం ద్వారా వచ్చే అంటురోగాల భయం లేదు. అది నిజమైన లాభమే, ఒప్పుకుంటాను. అయితే సొంత రక్తం దానంతట అదే జిగురు కాదు. మధ్యలో ఏదో ఒకటి చేయాలి. పీఆర్‌పీ తొలి రోజుల్లో ఆవు త్రాంబిన్‌తో గడ్డ కట్టించేవారు. దానివల్ల కొందరిలో సొంత గడ్డకట్టే కారకం-5కే వ్యతిరేకంగా యాంటీబాడీలు పుట్టి రక్తస్రావాలు జరిగాయి. వివోస్టాట్ పద్ధతిలో త్రాంబిన్ బదులు వాడేది బాట్రాక్సోబిన్, దక్షిణ అమెరికా పాము విషం నుంచి వచ్చిన ఎంజైమ్. పని అయ్యాక దాన్ని వేరుచేసి తీసేస్తారు, కాబట్టి భయపడాల్సింది లేదు. అయినా స్టాల్ దగ్గర ‘పూర్తిగా సహజం’ అని చెబుతుంటే నాకు ఆ పాము గుర్తొస్తుంది.

ఎక్కువైతే ఎక్కువ మేలు అన్న లెక్కా ఇక్కడ చెల్లదు. 2012లో జపాన్ పరిశోధకులు ఎలుకల పేగు అతుకుల మీద వేర్వేరు గాఢతల పీఆర్‌పీ పెట్టి చూశారు. తక్కువ గాఢతలో అతుకు బలపడింది, బాగా చిక్కగా పెట్టినప్పుడు ఆ మేలు పోయి మానడమే కుంటుపడింది. ఆశ్చర్యమేమీ లేదు, ఆల్ఫా రేణువుల్లో రక్తనాళాలు పెంచేవే కాదు, అణిచేవీ ఉంటాయి. మనిషికి ఎంత గాఢత మంచిది? పైగా రోగి రోగికీ రక్తం మారుతుంది. మామూలు మనిషికి మైక్రోలీటర్‌కు లక్షన్నర నుంచి నాలుగున్నర లక్షల ప్లేట్‌లెట్లు ఉంటాయి. క్యాన్సర్ వల్ల కొందరికి అవి ఇంకా పెరిగి ఉంటాయి, కీమో వల్ల కొందరికి తగ్గి ఉంటాయి. ఆస్పిరిన్ వేసుకునేవాళ్ల ప్లేట్‌లెట్లు లెక్కకు సరిపోయినా పనిలో తేడా. ఫ్యాక్టరీలో తయారైన మందు ప్రతి సీసాలో ఒకేలా ఉంటుంది. ఈ మందుకు ప్రతి సీసా ఒక కొత్త మనిషి. రక్తహీనతతో వచ్చిన, సన్నబడిన మనిషి దగ్గర ఆ 120 మిల్లీలీటర్లు తీయడానికి ప్రాణం ఒప్పదు. పెద్ద మొత్తం కాదు నిజమే, కానీ అలాంటివాళ్లకే లీకు ముప్పు ఎక్కువ, అలాంటివాళ్ల కోసమే కదా ఈ జిగురు.

క్యాన్సర్ గడ్డ తీసిన చోటే రక్తనాళాలు పెంచే కారకాలను పోయడం గురించి కూడా అడగాలి. మిగిలిపోయిన ఒకటీ అరా క్యాన్సర్ కణాలకు ఇది ఊతమిస్తుందా? ఇస్తుందని నేను అనడం లేదు. లీకైతే క్యాన్సర్ తిరగబెట్టే ముప్పు పెరుగుతుంది కాబట్టి, లీకును ఆపితే లెక్క లాభంలోకే రావచ్చు. ఏదైనా ముప్పై రోజుల ఫలితాలతో తేలే ప్రశ్న కాదిది. ఏళ్ల తరబడి వెంట ఉండి చూడాలి.

ఆధారాల విషయంలో నాకున్న ఇబ్బంది లెక్కలతో చెప్తాను. మామూలుగా నూటికి పది లీకయ్యే చోట, వరసగా 20 మందికి జిగురు లేకుండానే ఆపరేషన్ చేస్తే, ఒక్కటీ లీకు కాకపోయే అవకాశం 12 శాతం. అంటే ఎనిమిది మంది సర్జన్లలో ఒకరికి ఏ జిగురూ లేకుండానే ‘20కి 20 సక్సెస్’ అని చెప్పుకునే అదృష్టం పడుతుంది. ఆ ఒక్కరు జిగురు వాడి ఉంటే వ్యాసం రాస్తారు. మిగతా ఏడుగురు రాయరు. 30 మందిలో సున్నా లీకులు వచ్చినా, అసలు రేటు నూటికి పది దాకా ఉండవచ్చన్న అనుమానం తీరదు. లీకును నిజంగా పది నుంచి ఐదు శాతానికి తగ్గించామని 80 శాతం నమ్మకంతో చూపాలంటే ఒక్కో వైపు సుమారు 435 మంది, మొత్తం 870 మంది కావాలి. చీటీ వేసి పంచినట్టు రోగులను రెండు గుంపులు చేయాలి, ఎవరికి జిగురు రాశామో తెలియని వ్యక్తి లీకును నిర్ధారించాలి. ‘జిగురు రాకముందు మా లీకులు ఇన్ని, వచ్చాక ఇన్ని’ అనే పోలికలు సరిపోవు. ఆ మధ్యలో స్టేప్లర్ మారుతుంది, సర్జన్ చేయి తిరుగుతుంది, రోగుల ఎంపికా మారుతుంది.

ఎలుకల ఫలితాలు చాలా ఉన్నాయి, ఎక్కువగా ఆశ కలిగించేవే. అయితే ఆరోగ్యంగా ఉన్న కుర్ర ఎలుక పేగు మామూలుగా కుడితే లీకే కాదు. లీకవడానికి కావాలనే కుట్లు తగ్గించాలి, రక్తం ఆపాలి. అలాంటి ఎలుకకూ, రేడియేషన్ తీసుకుని కటి లోతుల్లో అతుకు వేయించుకున్న అరవై ఐదేళ్ల పెద్దమనిషికీ పోలిక అంతంత మాత్రమే.

ఇదంతా చదివి నేను రక్తం జిగుర్లకు వ్యతిరేకిననుకోవద్దు. మధుమేహం వల్ల వచ్చే కాలి పుండ్ల మీద రోగి సొంత రక్తం నుంచి తీసిన ఫైబ్రిన్, ప్లేట్‌లెట్లు, తెల్లకణాల బిళ్ల అంటించే పద్ధతిని బ్రిటన్, డెన్మార్క్, స్వీడన్ క్లినిక్‌లలో సరైన ట్రయల్‌గా చేశారు. 2018లో ఫలితాలు వచ్చాయి. 20 వారాల్లో పుండు మానింది బిళ్ల పెట్టినవాళ్లలో 34 శాతానికి, మామూలు చికిత్సలో 22 శాతానికి. అంటే మొండిపుండ్లకు సొంత రక్తం మేలు చేయగలదు, అది సరిగా రుజువూ కాగలదు. కానీ అక్కడ బిళ్లను వారం వారం మార్చారు. కటి లోపలికి వారం వారం వెళ్లలేం, ఒక్కసారే అవకాశం.

మంచి ఊహ ఉన్నంత మాత్రాన ఏమవుతుందో ఐసీజీ కథ చెబుతుంది. అతుకు వేసేముందు ఇండోసయనిన్ గ్రీన్ (ఐసీజీ) అనే ఆకుపచ్చ రంగు ఇంజెక్షన్ ఇచ్చి, ప్రత్యేక కెమెరాలో పేగు అంచుకు రక్తం అందుతోందో లేదో చూసే పద్ధతి ఇది. తర్కానికి తిరుగులేదు. అమెరికాలో జరిగిన ట్రయల్‌లో లీకులు రంగుతో చూసినవాళ్లలో 9.0 శాతం, చూడనివాళ్లలో 9.6 శాతం, ఏమీ తేడా లేదు. అనుకున్నంతమంది చేరకముందే దాన్ని ఆపేశారు. జపాన్‌లో 2023లో వచ్చిన, 850 మందితో చేసిన ట్రయల్‌లో రంగుతో చూసినవాళ్లలో 7.6 శాతం, చూడనివాళ్లలో 11.8 శాతం, తేడా కనిపించింది. ఇంత పెద్ద పరీక్షలయ్యాక కూడా సర్జన్లు వాదించుకుంటూనే ఉన్నారు. రక్తం జిగురు ఇంకా ఆ మొదటి మెట్టు కూడా ఎక్కలేదు.

అసలు ఏం కొలవాలన్న దగ్గర నాకు సర్జన్లతోనే పేచీ. లీకు శాతం తగ్గిందా లేదా అనేది డాక్టర్ల ప్రశ్న. మంచం మీద ఉన్న మనిషి మత్తు ఇవ్వడానికి ముందు నన్ను అడిగేది వేరు: ‘లేచేసరికి పొట్ట మీద సంచి ఉంటుందా?’ స్వీడన్‌లో మాథియెసెన్ బృందం 2007లో ప్రచురించిన ట్రయల్ ఆ సంచికి పెద్ద అండ. 234 మందిలో, అతుకు మానేదాకా మలాన్ని పక్కకు మళ్లించే తాత్కాలిక స్టోమా పెట్టినవాళ్లలో లక్షణాలున్న లీకులు 10.3 శాతం, పెట్టనివాళ్లలో 28.0 శాతం. ఆ తేడా చూశాక కింది అతుకులకు స్టోమా పెట్టడం దాదాపు ఆనవాయితీ అయింది. అయితే దానికీ మూల్యం ఉంది. చిన్నపేగు స్టోమా నుంచి నీళ్లలా పోయి డీహైడ్రేషన్‌తో, కిడ్నీలు దెబ్బతిని మళ్లీ ఆసుపత్రిలో చేరేవాళ్లు ఉంటారు. మూయడానికి ఇంకో ఆపరేషన్, ఇంకో మత్తు. తాత్కాలికమన్న స్టోమాల్లో దాదాపు ఐదింట ఒకటి ఎప్పటికీ మూయడం కుదరదు.

కాబట్టి రక్తం జిగురు నిజంగా గెలిచిందని నేను ఎప్పుడు ఒప్పుకుంటానంటే, అది వాడి స్టోమా మానేసి, ఏడాది తర్వాత సంచి లేకుండా, మలం మీద అదుపుతో తిరుగుతున్నవాళ్ల సంఖ్య పెరిగిందని చూపించినప్పుడు. అందరికీ స్టోమా పెట్టి, దాని కింద జిగురు రాసి, లీకులు తగ్గాయంటే రోగికి దక్కింది తక్కువ. సంచి తగిలించుకున్నాడు, రక్తమూ ఇచ్చాడు.

ఈలోగా ఇప్పటికే చేతిలో ఉన్నవాటిని మనం పూర్తిగా వాడటం లేదు. ఫిన్లాండ్‌లో చేసి 2024లో ప్రచురించిన ట్రయల్‌ను చూడండి. మలాశయ ఆపరేషన్‌కి ముందు పేగు శుభ్రం చేయడంతో పాటు నోటి ద్వారా నియోమైసిన్, మెట్రోనిడజోల్ మాత్రలు ఇచ్చారు. 565 మందిలో అతుకు విడిపోయింది మాత్రలు తీసుకున్నవాళ్లలో 5.8 శాతం, డమ్మీ మాత్రల వాళ్లలో 13.5 శాతం. సగానికి సగం పైగా తగ్గింపు, అదీ పాత చవక మాత్రలతో. సెంట్రిఫ్యూజ్ లేదు, స్ప్రే లేదు, స్టాల్ అసలే లేదు. పాత మాత్రల తరఫున ఎవరూ కాఫీ ఇప్పించరు కదా. కోన్ కుక్కల్లో చూసినదానికీ, అల్వర్డీ ఎలుకల్లో చూసినదానికీ ఇది సరిగ్గా అతుకుతోంది కూడా. ఇంకా ఎన్నో చోట్ల నోటి మాత్రలు ఇవ్వడం లేదు. పొగ మాన్పించడం, ఐరన్ ఇచ్చి రక్తహీనత సరిచేయడం, తిండి పెట్టి బలం తేవడం, ఇవి ఆపరేషన్ తేదీ ఖాయమైన రోజే మొదలవ్వాలి. ముందురోజు సాయంత్రం నేను ప్రీ-ఆప్ చెకప్‌కి వెళ్లినప్పుడు హిమోగ్లోబిన్ చూసి గోల పెడితే ఏం లాభం, చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే.

ఆపరేషన్ తర్వాత సంగతీ అంతే. మూడు, నాలుగు, ఐదో రోజుల్లో ఒంట్లో వాపును, ఇన్ఫెక్షన్‌ను పట్టిచ్చే సీఆర్‌పీ అనే రక్తపరీక్ష చూడటం చాలా తేలిక. మూడో రోజు 172, నాలుగో రోజు 124, ఐదో రోజు 144 మిల్లీగ్రాములు, లీటరుకు. వీటికంటే తక్కువగా ఉంటే లీకు ఉండే అవకాశం బాగా తక్కువని పలు పరిశోధనలు కలిపి చూసిన లెక్క చెబుతోంది. పెరుగుతూ పోతుంటే, గుండె వేగం తగ్గనంటుంటే, మనిషి ‘ఏదో తేడాగా ఉంది’ అంటుంటే సీటీ స్కాన్‌ని రేపటికి వాయిదా వేయకూడదు. ముందుగా పట్టుకున్న లీకుకు గొట్టం వేసి గట్టెక్కించవచ్చు. రెండు రోజులు ఆలస్యంగా పట్టుకున్న అదే లీకు ఐసీయూకి చేరుతుంది. ఏ జిగురైనా లీకులన్నిటినీ ఆపలేదు కాబట్టి ఈ కాపలా ఎప్పటికీ ఉండాల్సిందే. జిగురు రాశామన్న ధీమాతో ఈ కాపలా సడలితే మాత్రం మొదటికే మోసం.

నన్నే అడిగితే, అంటే ఆ బల్ల మీద నేనే పడుకోవాల్సి వస్తే? చీటీ వేసి పంచే ట్రయల్‌లో చేరమంటే చేరతాను. నా 120 మిల్లీలీటర్లు తీసుకోండి, ప్లేట్‌లెట్ల లెక్క రాసుకోండి, ఐదేళ్లు నా వెంట పడండి. ట్రయల్ కాకుండా, విడిగా బిల్లు వేసి, ‘మీ రక్తమే కదా సార్’ అంటూ సంతకం పెట్టమంటే పెట్టను. నోటి మాత్రలు ఇచ్చారా అని మాత్రం అడుగుతాను, వెనకవైపు అంచు మీద ఎలా చల్లుతారనీ అడుగుతాను. జవాబు చెప్పడానికి సర్జన్ స్టేప్లర్ చేతిలోకి తీసుకుని చూపించడం మొదలుపెడితే, ఆయన ఈ విషయం నిజంగా ఆలోచించినవాడని అనుకుంటాను. కంపెనీ బ్రోచర్ తీసిస్తే, ఇంకొకరి దగ్గర సెకండ్ ఒపీనియన్ తీసుకుంటాను.